రేణుక గీయని మధ్య బొమ్మలు

కోరుట్ల,
భాద్రపదం, ఆదివారం

నా బొగ్గుపిట్టా,

నువ్వు లేవని నాకు తెలుసు. తెలిసే రాస్తున్న. నెలకు ఒక ఉత్తరం రాయాలని నువ్వే అలవాటు చేసినవు. "ఫోన్ల నువ్వు తిన్నవా అంటవు, నేను తిన్న అంట, గంతేనాయె. కాయితం మీదనైతే అన్ని చెప్తవు అవ్వా" అన్నవు. మూడో తరగతి దాకనే చదివిన, ఒత్తులు రావంటే, "ఒత్తులు లేకున్నా నీ మాట నాకు ఇనబడుతది" అన్నవు. ఆషాఢంల ఆ జ్వరం నిన్ను తీసుకపోయినంక నా చెయ్యి ఆడలేదు. ఇయ్యాల పొద్దున ఒళ్ళె చాట పెట్టుకొని బీడీలు చేస్తున్న. చేతిల ఆకు చేతిలనే ఉండంగ లేచి కాయితం తీసిన. నువ్వు కిరాయి అర్రలు మారుతుంటవని ఎప్పుడూ ఆఫీసు అడ్రసుకే రాసేదాన్ని. ఇప్పుడు కూడ గదే రాసిన. ఎవరు తీసుకుంటరో తీసుకోనీ.

బాపు మంచిగనే ఉన్నడు. కల్లుకు తాళ్లెక్కుడు బందు చేసి ఎన్నో ఏండ్లాయె, అయినా పొద్దుగాల లేవంగనే గూటంకున్న నడుము మోకును ఒకసారి ముట్టుకుంటడు. నువ్వు తీసిన చిన్న సినిమాల ఆయన బొమ్మ తాడెక్కింది గద, దాన్ని ఫోన్ల పెట్టుకొని వచ్చినోళ్లందరికి చూపిస్తడు. "మీసాలు జర సన్నగ పెట్టింది గని, ఎక్కుడైతే నేనే" అంటడు.

మొన్న పక్కింటి కోడలు మనీషా అడిగింది. "అత్తమ్మా, రేణుకక్క తీసిన పెద్ద సినిమాల హీరో ఎవలు?"

"హీరో లేడు బిడ్డా, అన్ని బొమ్మలే."

"మరి బొమ్మలకు డైరెక్టర్ ఎందుకు? అవి చెప్పినట్టు ఇంటయా?"

అప్పుడు నువ్వన్న మాట యాదికొచ్చింది. బొమ్మ ఎప్పుడు ఊపిరి పీల్చాల్నో చెప్పుడే నీ పని అన్నవు. గదే చెప్పిన. ఆ పిల్ల నవ్వుతదనుకున్న, నవ్వలేదు.

ఒక్కటి అడుగుత. నీ సినిమా కత అంత చెప్పినవు. బొగ్గుతోటి గోడ మీద గీసే పిల్ల, ఆ బొమ్మలు గోడ దిగి నడుసుడు, పిల్ల హాస్టల్‌కు పొయ్యే దినం వచ్చుడు. ఆఖరుకు ఏమైతదంటే "చూస్తవు గద" అన్నవు. ఇగ నాకెవలు చూపిస్తరు? ఆ సినిమా ఉన్నదా, నీతోటే ఆగిపోయిందా?

బాపు తింటున్నడు. నేను కూడ తింటున్న అని రాద్దామనుకున్న. నీకు అబద్ధం రాసుడు నాతోని కాదు.

నీ అవ్వ,
నర్సవ్వ


హైదరాబాద్,
వినాయక నిమజ్జనం మరునాడు

గౌరవనీయులైన నర్సవ్వ అమ్మగారికి,

నమస్కారం. నా పేరు జేబా. మాది జగిత్యాల. రేణుకక్క దగ్గర బొమ్మలు గీయడం నేర్చుకుని, ఈ సినిమాకు ఆమె అసిస్టెంట్‌గా పని చేస్తున్నాను. మీ ఉత్తరం అక్క టేబుల్ మీదికి వచ్చింది. తెరిచే హక్కు నాకు లేదు. చాలా రోజులు అలాగే ఉంచాను. కవరు మీది అక్షరాలు చూస్తూ పని చేయడం నా వల్ల కాలేదు, తెరిచాను. మన్నించండి.

మీరు అడిగినదానికి జవాబు నా దగ్గర ఉంది. సినిమా ఆగలేదమ్మా. చివరి సీను ఒక్కటే మిగిలింది.

మా పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. ఒక మనిషి కూర్చున్నచోటి నుంచి లేచాడంటే, డైరెక్టర్ కూర్చున్న బొమ్మ, లేచిన బొమ్మ గీసి ఇస్తుంది. ఆ రెండింటికీ నడుమ మనిషి కొంచెం కొంచెంగా లేచే బొమ్మలన్నీ మావంటివాళ్లు గీస్తారు. వాటినే మధ్య బొమ్మలు అంటాం. చివరి సీనుకు అక్క రెండు బొమ్మలే గీసి వెళ్లింది. మొదటిదాంట్లో తల్లి దోసిలి నిండా బియ్యం పట్టుకుని పిల్లకు ఎదురుగా కూర్చుని ఉంది. రెండోదాంట్లో ఒడిలో బియ్యంతో ఆ పిల్ల గడప దగ్గర నిలబడి ఉంది. నడుమ ఏం జరుగుతుందో అక్క మాకు చెప్పలేదు. మాతో పనిచేసే సాయికిరణ్ చూసి, "ఇది ఒడిబియ్యం లెక్కున్నది" అన్నాడు. నేను ఒడిబియ్యం పోయడం దగ్గర నుంచి చూడలేదు. దోసిలి తర్వాత పళ్లెంతో కూడా పైనుంచి పోసినట్టు గీశాను. చూస్తే దానం చేస్తున్నట్టుంది తప్ప తల్లి బిడ్డను సాగనంపుతున్నట్టు లేదు.

కార్తీకం దాటితే ఆ సీను వదిలేసి, పిల్ల బస్సెక్కడంతోనే సినిమా ముగిద్దామని కంపెనీవాళ్లు అంటున్నారు. నాకు అది ఇష్టం లేదు. ఆ తల్లి మీరేనని మా అందరికీ తెలుసు. ఎలా పోస్తారో రాయగలరా? ఆ సీను పెట్టడానికి మీ అనుమతి కూడా కావాలి.

జేబా


కోరుట్ల,
పెత్రమాస ముందటి శుక్రవారం

జేబా గారికి,

మీ ఉత్తరం చేరింది. సినిమా ఆగలేదన్నరు, సంతోషం.

ఒడిబియ్యం పెండ్లయిన ఆడిబిడ్డకు పోస్తరు. అత్తగారింటికి పొయ్యేటప్పుడు పుట్టింటోళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రైకబట్ట ఒళ్ళె పెట్టి పంపుతరు. పెండ్లి కాని పిల్లకు పొయ్యరు. మా ఇంట్ల లేదు, మా కులంల లేదు. నేను నా బిడ్డకు పొయ్యలేదు. పొయ్యనిది పోసినట్టు గీస్తే అబద్ధం.

ఈ సినిమాకు కంపెనీ ఒప్పుకున్న పొద్దు రేణుక ఇంటికొచ్చింది. నన్ను ఎనుక నుంచి పట్టుకొని "అవ్వా, మేనత్త పొయ్యేటప్పుడు పోస్తవు గద, నేను కూడ పోతున్న గద, నాకు పొయ్యవా?" అన్నది. "పెండ్లి చేసుకో, కొంగు చిరిగేటట్టు పోస్త" అన్న. నవ్వింది. ఆ పొద్దు ఇద్దరం నవ్వినం. మీ ఉత్తరం చదివినంక ఆ నవ్వు నాకు ఇంకోతీరుగ ఇనబడుతున్నది. మనసుల పెట్టుకున్నదా? అవ్వ పొయ్యనిది బొమ్మ అవ్వతోటి పోయించుకున్నదా? అదంత లోకం చూడాల్నా?

ఆ సీను తీసెయ్యిన్రి. పిల్ల బస్సెక్కుతది, గంతే. చాలు.

అక్కడ రేణుక పొద్దుందాక పని చేసేటప్పుడు ఎవలన్న అన్నం పెట్టేదా? అది చెప్పిన్రి.

నర్సవ్వ


హైదరాబాద్,
సద్దుల బతుకమ్మ రోజు

నర్సవ్వ అమ్మా,

మీరు వద్దన్నాక ఆ సీను ఉండదు. కంపెనీవాళ్లకు ఇంకా చెప్పలేదు కానీ, చెప్తాను. మీతో వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీరు చివర ఒక మాట అడిగారు కదా, దానికి రాస్తున్నాను.

అక్క ఒక్కతే ఎప్పుడూ తినలేదమ్మా. మధ్యాహ్నం టేబుల్ మీద కాగితం పరిచి, మీరు పంపిన సర్వపిండి విరిచి అందరికీ పెట్టేది. మా అమ్మీ మహమూదా బేగం జగిత్యాల నుంచి ఖీమా పంపితే డబ్బా మూత ముందు అక్కే తీసేది. "నీ కొలువు పోయినా పర్వాలేదు గని మీ అమ్మీ డబ్బా బందు గావద్దు" అనేది నాతో.

అక్క మీకు తన పని ఎంత చెప్పిందో నాకు తెలియదు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో చాలా ఏళ్లు అక్క కూడా మధ్య బొమ్మలే గీసింది. ఎక్కడో వేరే దేశంలో ఎవరో కథ రాస్తారు, మొదటి బొమ్మ, చివరి బొమ్మ వాళ్లే పంపుతారు. నడుమ కుక్క తోక ఊపడం ఇక్కడ అక్క గీయాలి. తెర మీద ఆమె పేరు పడదు. ఆ తర్వాత పళ్లపొడి ప్రకటనలో పన్ను చేత డాన్సు చేయించింది. చిన్నపిల్లలకు లెక్కల పాఠాలు బొమ్మల్లో చేసింది. దాచుకున్న డబ్బుతో బాపు తాడెక్కే చిన్న సినిమా తీసింది. దాన్ని చూసే కంపెనీవాళ్లు ఈ పెద్ద సినిమా చేతిలో పెట్టారు. డైరెక్టర్ అయ్యాక కూడా ఆమెకు కుర్చీ కుదిరేది కాదు. లేచి మా మధ్య తిరుగుతూ మా బొమ్మల్లా నడిచి చూపించేది. ముసలవ్వ నడక, మేక నడక, అలిగిన పిల్ల నడక. "ఆ తోక ఊపుడు దగ్గర్నే నేను అంతా నేర్చుకున్న" అనేది.

ఆ చిన్న సినిమాను ఒక ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూపిస్తామని కేరళకు పిలిచినప్పుడు ఇద్దరం మా ఇంటి నుంచే బయలుదేరాం. మాలో ప్రయాణం పోయేవాళ్ల జబ్బకు ఇమామ్ జామిన్ కడతారు. గుడ్డలో ఒక నాణెం పెట్టి కట్టి, దేవుడి కాపుదలలో పంపడం అది. చేరాక ఆ నాణెం లేనివాళ్లకు ఇస్తాం. అమ్మీ నాకు కట్టి, అక్క చెయ్యి కూడా పట్టి కట్టింది. రైల్లో అక్క ఆ గుడ్డను తడుముకుంటూ, "పొయ్యేటోళ్లను ఉత్త చేతుల ఎవలు పంపరు జేబా. మా అవ్వ కూడ పంపలే" అంది. "ఏం కట్టింది?" అన్నాను. "కట్టలే, పోసింది" అంది. నాకు అర్థం కాలేదు. నిద్రమబ్బులో అందేమో అనుకున్నాను. మీ ఉత్తరం చదివాక ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది.

సీను తీసేసినా అక్క గీసిన బొమ్మలు మీవే. ఆ రెండింటి నకళ్లు దీంతో పంపుతున్నాను. రెండో బొమ్మలో ఒక చిన్న పొరపాటుంది. తల్లి దోసిలిలో అన్ని బియ్యం ఉంటే పిల్ల ఒడిలోకి వచ్చేసరికి తగ్గాయి. అక్క అప్పటికే జ్వరంలో ఉండి గీసింది కదా, చూసుకోలేదేమో అని మేము మా కాపీలో సరిచేసి ఎక్కువ చేశాం. మీకు పంపినది మాత్రం అక్క గీసినట్టే ఉంది.

జేబా


కోరుట్ల,
దసరా వెళ్లిన వారం

బిడ్డా జేబా,

కంపెనీకి చెప్పలేదు గద? చెప్పకు. ముందు ఇది చదువు.

నీ కవరు విప్పి బొమ్మలు చూసిన. గడప దగ్గర ఆ పిల్ల గౌను కొసలు రెండు చేతులతోటి ఎత్తి పట్టుకొని, గడ్డం కింద కూడ ఒక కొస అదుముకున్నది. ఆకుపచ్చ గౌను, జేబు చినిగి ఏలాడుతున్నది. ఆ గౌను నేనే కుట్టిన. గని గిట్ల ఎప్పుడు నిలవడ్డది? నాకు అందలేదు. రేణుక బాపును అడిగితే బొమ్మ చూసి పక్కకు తిరిగిండు. తెల్లారి సంచిల బొమ్మలు పెట్టుకొని వేములవాడ మీది నుంచి సిరిసిల్లకు పోయిన. అక్కడ మా ఆడిబిడ్డ లస్మవ్వ ఉంటది. రేణుకకు మేనత్త. వాళ్ల గల్లీల బట్ట నేసే సాంచాల చప్పుడుకు గట్టిగ మాట్లాడి మాట్లాడి ఆమెకు మెల్లగ మాట్లాడుడు రాదు. బొమ్మ చేతికియ్యంగనే గల్లీ అంత ఇనబడేటట్టు అన్నది.

"ఏందే వదినా, గిది నాకు ఒడిబియ్యం పోసిన దినం గదనే."

"నీకు పోస్తే పోరి ఎందుకుంటది?"

"అగో, మర్సినవా? ఎండకాలం సెలవులు. తెల్లారితే పోరిని జగిత్యాల హాస్టల్ల ఇడువాలె. నాకు పోసుడు అయిపోయింది, లేస్తున్న. గీ పోరి గౌను పట్టుకొని అచ్చి నా జాగల కూసున్నది. 'అత్త పోతున్నదని పోసిన్రు, నేను గూడ పోతున్న, నాకు పొయ్యిన్రి' అన్నది. మా అన్న 'నువ్వు ఎవలింటికే పొయ్యేది' అంటే, 'జగిత్యాలకు' అన్నది. అందరం నవ్వినం."

"నేనేమన్న?"

"నువ్వేమంటవ్. పళ్లెంల మిగిలిన బియ్యం దోసిట్ల ఎత్తి పోసినవ్. 'పో, మంచిగ సదువుకో, మంచిగ తిను' అన్నవ్. ఎవలు ఊరికి పోయినా గదే అంటవాయె. బస్సు కండక్టర్‌కు గూడ గదే అంటవ్ నువ్వు."

నాకు ఒక్క ముక్క యాదికి లేదు జేబా. ఆ పొద్దు ఇంటినిండ చుట్టాలు, పొయ్యి మీద వంట, పోరి పెట్టె సర్దుడు. ఆటకు పోసిన, మర్సిన. అది మర్వలేదు.

ఇగ ఆ తగ్గిన బియ్యం సంగతి. అది పొరపాటు కాదు. మా ఇంట్ల ఒడిబియ్యం పోసుకున్న ఆడిబిడ్డ అన్ని పట్టుకపోదు. లేచినంక ఒక పిడికెడు తీసి పుట్టింటి బియ్యం కుండల ఏసి పోతది. నేను పోతున్న, ఈ ఇల్లు నిండుగ ఉండాలె అని. లస్మవ్వ ఏసింది. అది చూసి పోరి కూడ గౌను గడ్డం కింద అదుముకొని, ఒక చెయ్యి ఖాళీ చేసుకొని, పిడికెడు తీసి కుండల ఏసిందట. దానికి ఎవలం చెప్పలేదు. "నేను కళ్లార చూసిన వదినా, నీకు చెప్పుదామంటే నువ్వు పప్పు మాడుతుందని ఉరికినవ్" అన్నది లస్మవ్వ. చెప్పుకుంట ఏడ్సింది, నేను కూడ ఏడ్సిన. వాళ్లింటి ముందట సాంచాలు ఆగి మళ్ల నడిసినయి.

నేను పొయ్యలేదని అది గీసింది అనుకొని ఇన్ని దినాలు కుమిలిన. నేను పోసినని గీసింది. రైల్ల నీకు చెప్పింది కూడ గదే.

నువ్వు గీయాల్సింది చెప్త. పళ్లెం వద్దు. తల్లి దోసిలి కిందికి వంగి ఒడికి ఆనాలె, అప్పుడు చేతులు విప్పాలె. పైనుంచి రాల్చద్దు. బియ్యం పసుపువి. పిల్ల లేస్తది, కుండ దగ్గరికి పోతది, మూత పక్కకు జరుపుతది, పిడికెడు ఏస్తది. అవ్వ చూడదు. అవ్వ మొఖం పొయ్యి దిక్కు ఉంటది. అట్లనే గీయి, నన్ను మంచిగ చూపియ్యాలని ఇటు తిప్పకు. మీరు ఎక్కువ చేసిన బియ్యం తీసెయ్యిన్రి.

సీను ఉండనియ్యి.

నర్సవ్వ


హైదరాబాద్,
కార్తీక పౌర్ణమి

అవ్వా,

ఇలా పిలవచ్చా? అక్క పిలిచినట్టు పిలవాలని ఉంది.

అయిపోయింది. మీ ఉత్తరాన్ని గోడకు అంటించి, అందరం కలిసి గీశాం. సాయికిరణ్ దోసిలి పట్టి కూర్చుంటే, నేను చున్నీ పట్టి ఎదురుగా కూర్చున్నాను. ఎన్నిసార్లు పోసినా వాడు తొందరపడి పైనుంచే వదిలేవాడు. "అవ్వ తిడ్తది" అంటే చేతులు కిందికి వంచాడు. ఇప్పుడు ఆఫీసులో ఏ మూల చూసినా బియ్యమే. తల్లి మొఖం పొయ్యి వైపే ఉంది అవ్వా, తిప్పలేదు. పిల్ల కుండ మూత జరిపినప్పుడు చప్పుడు కాకుండా రెండు చేతులూ వాడుతుంది, అప్పుడు గౌను గడ్డం కింద ఉంటుంది. అక్క గీసిన చివరి బొమ్మ దగ్గరికి మా బొమ్మలు చేరేసరికి ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. అక్క గీసినట్టే బియ్యం తగ్గి ఉన్నాయి. కంపెనీవాళ్లు చూసి, మళ్లీ ఒకసారి వేయమన్నారు. తర్వాత "ముగింపు ఇదే" అన్నారు.

ఇంకో సంగతి ఉంది. వచ్చే సినిమా నన్ను చేయమని అడిగారు. డైరెక్టర్‌గా. నేను ఇంకా అవునని చెప్పలేదు. మొదటి బొమ్మ, చివరి బొమ్మ గీయడం నాకు చేతనవుతుందా? నేను మధ్య బొమ్మల దాన్ని. మా అబ్బా సలావుద్దీన్ అయితే "ఇంట్ల ఎవలడిగినా నువ్వే డైరెక్షన్ చెప్తవు గద, ఇంకేంది భయం" అంటున్నాడు. నాకు నవ్వు రావడం లేదు.

సినిమా జనంలోకి రాకముందే మీకు, బాపుకు చూపిస్తాను. మాఘంలో జగిత్యాలకు వస్తాను. అక్కడి నుంచి కోరుట్ల ఎంత దూరం. గోడ ఒకటి ఖాళీగా ఉంచండి.

మీ జేబా


కోరుట్ల,
శివరాత్రి ముందటి సోమవారం

నా చిన్నపిట్టా,

నువ్వు పోయి రెండు పొద్దులాయె. బస్సుల సీటు దొరికిందా? వేములవాడ పొయ్యే మందితోటి బస్టాండంత నిండి ఉండె. బాపు నిన్ను ఎక్కించి వచ్చి, "పోరి కిటికీ పక్కకే కూసున్నది" అని చెప్పిండు గని నాకు నమ్మకం లేదు. నాకు రంది వద్దని ఎన్నన్న చెప్తడు.

ఇంట్ల అదే గోడ మీద సినిమా వేసినవు. రేణుక బొగ్గు గీతల మీద ఎన్నిసార్లు సున్నం ఏసినమో, ఆ గోడ మీదనే దాని బొమ్మలు నడిసినయి. పక్కింటి మనీషా కండ్లు తుడుసుకుంట, "అత్తమ్మా, హీరో నువ్వేనాయె" అన్నది. బాపు సంగతి నువ్వు చూసినవు గద. ఆఖరున దాని పేరు గోడ మీద పడితే లేచిండు. నువ్వు పోయినంక నాకు చెప్పిండు, "నా మోకు తెంపుకపోయినట్టే ఉండె నర్సవ్వా ఇన్ని దినాలు, ఇప్పుడు జర పట్టు దొరికింది" అని. ఆ మనిషి నోట అంత పెద్ద మాట నేను ఎన్నడు ఇనలేదు.

నువ్వు బయలెల్లంగ ఒడిబియ్యం పోస్త, చున్నీ పట్టుమంటే ముందుగాల నువ్వు వెనుకకు జరిగినవు. "అవ్వా, మా దాంట్ల లేదు గద" అన్నవు. నేను చెప్పింది మర్వకు. మా దాంట్ల పెండ్లి కాని పిల్లకు కూడ లేదు. ఇది రేణుక పెట్టిన రివాజు. పని మీద పొయ్యే ఆడిపిల్లకు పోస్తరు. సినిమా చేస్తనని కంపెనీకి చెప్పు. మొదటి బొమ్మ ఎట్ల గీయాల్నో తెల్వదంటవు, ఒక పిల్ల బయలెల్లింది, గంతే గద మొదటి బొమ్మ. రేణుక కూడ ఎవలదో కుక్క తోక పట్టుకొనే నేర్సుకున్నది.

నిన్న వంటకని బియ్యం కుండ మూత తీసిన. తెల్ల బియ్యం మీద పసుపు బియ్యం పిడికెడు ఉన్నయి. ఎప్పుడు ఏసినవో చూడలేదు. నేను నీకు సకినాలు కట్టుకుంట పొయ్యి దిక్కు తిరిగి ఉంటి గావచ్చు. ఆ మూత పక్కకు పెట్టిన. అప్పుడు ఆ పిడికెడు, దాంట్ల ఇంకిన్ని కలిపి కడిగి వండిన. పచ్చిపులుసు చేసిన. బాపుకు పెట్టి, ఎదురుంగ నేను కూడ పెట్టుకున్న. ఆషాఢం నుంచి అన్నం నాకు మన్నులెక్క ఉండె. నిన్న రుచి తెలిసింది. మళ్ల పెట్టుకున్న. ఇప్పుడు రాస్తే అబద్ధం కాదు గనుక రాస్తున్న, నేను తిన్న.

పనిల పడి పూట తప్పకు బిడ్డా. మంచిగ తిను.

నీ అవ్వ,
నర్సవ్వ